ఐదున్నర శృతి

మా అనంతపురం పల్లెల్లో పద్యనాటకం ఎలా ఉందని ఎవరూ అడగరు, ఎంత శృతిలో ఆడారని అడుగుతారు. నాలుగంటే పెదవి విరుస్తారు. ఐదంటే తల ఊపుతారు. ఐదున్నర అన్నామంటే మాత్రం, సరిగమలు తెలియని మనిషి కూడా తాగుతున్న బీడీ పక్కన పెట్టి, రాజు వేషం ఎవరప్పా అని ఆరా తీస్తాడు. హార్మోనియం మీద ఏ మెట్టును ‘స’గా పెట్టుకుని పాడుతున్నారో చెప్పేదే శృతి. అంకె పెరిగే కొద్దీ గొంతు పైకి పోవాలి. మా వాళ్ళకు సంగీతంలో అర్థమయ్యేదీ, పక్క ఊరి వాడితో పోటీ పడడానికి పనికొచ్చేదీ అదొక్కటే.

ముప్పై ఏళ్ళు నేను ఆ పల్లెల్లో హార్మోనియం వాయించాను, నాటకాలు నేర్పాను. ఒక ఊరు నాటకం ఆడాలనుకుంటే నాలాంటి మాస్టరును పిలిపించి మూడు నాలుగు నెలలు ఊళ్ళోనే పెట్టుకుంటుంది. రాజు వేషం ఒక రైతు, మంత్రి వేషం ఇంకొక రైతు, హాస్యం గొర్రెలు కాసే ఆయన. సగం మందికి చదువు రాదు. పద్యాన్ని పాదం పాదంగా చెవిలో పోయాలి, వంద సార్లు పాడించాలి. గొంతులో ఒకసారి దిగిందంటే మాత్రం ఇక చచ్చేదాకా పోదు. ఆడ వేషాలకు బయటి నుంచి నటీమణులను పిలిపిస్తారు. వాళ్ళకు అన్ని నాటకాలూ నోటికి వస్తాయి కనుక, నాటకం రోజు మధ్యాహ్నం బస్సు దిగి, తమకు మొగుడుగా నటించబోయే మనిషిని అప్పుడే మొదటిసారి చూస్తారు. సాయంత్రానికి రంగు పూసుకుంటారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వానలు బాగా పడిన ఏడు నాకు పని ఉండేది కాదు. చేలో పని ఉన్నవాడు పద్యం ఎప్పుడు నేర్చుకుంటాడు? విత్తనం వేసి, మొలక చూసి, అది ఎండిపోవడం చూసి, ఇక చేసేదేమీ లేక అరుగు మీద కూర్చున్న ఊళ్ళే నాకు కబురు పంపేవి. కాబట్టి కరువు వచ్చిన ఏడు నేను కడుపు నిండా తిన్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నిజం మాత్రం అదే.

ఆ నటీమణుల్లో మా అక్క ఒకరు. మా నాయన కూడా హార్మోనిస్టే. ఆయన ఇద్దరినీ ఒకే హార్మోనియం పెట్టె ముందు కూర్చోబెట్టి, నా చేతికి మెట్లు ఇచ్చాడు, ఆమె గొంతుకు పద్యాలు ఇచ్చాడు. పెళ్ళి చేసుకుంటే నాటకాలు మానమంటారని అక్క పెళ్ళే వద్దంది. నా భార్య పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అక్క రాణి వేషం వేస్తే గార్లదిన్నె నుంచి కణేకల్ దాకా బండ్లు కట్టుకుని, తర్వాత తర్వాత ట్రాక్టర్లెక్కి వచ్చేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఐదున్నర ఆమెకు మంచినీళ్ళు తాగినంత సులువు.

పదేళ్ళ కిందట ఆమె గొంతు బొంగురు పోవడం మొదలైంది. మిరియాలు, కరక్కాయ, పాలు, అన్నీ అయ్యాక అనంతపురంలో గొంతు డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ముక్కులోంచి సన్నని గొట్టం పంపి టీవీలో చూపించాడు. గడ్డపార పట్టే చేతికి కాయలు కాసినట్టు, గొంతు తంతుల మీద కాయలు కాశాయన్నాడు. ఆరు నెలలు పాడొద్దన్నాడు. పాడక తప్పదంటే పైకి పోవద్దన్నాడు. పైకి పోతే ఏమవుతుందని నేను అడిగాను. చిరుగుతుందన్నాడు. అక్క ఇంటికి వచ్చి, మరుసటి రోజు నన్ను పెట్టె తీయమంది. ఒక్కొక్క మెట్టే దించుకుంటూ పోయి నాలుగున్నర దగ్గర ఆగింది. ఇక్కడైతే నొప్పి లేదు, ఇంతకు మించి నన్ను పాడించొద్దు అంది. నేను సరేనన్నాను.

ఆ ఏడే నేను తనకల్లు దిక్కున ఒక ఊళ్ళో నాటకం నేర్పుతున్నాను. రాజు వేషం వేసే రైతుకు నలభై ఏళ్ళుంటాయి. అలాంటి గొంతు నా జీవితంలో మళ్ళీ చూడలేదు. పక్క ఊరి వాళ్ళు ఐదు శృతిలో ఆడి ఏడాది పొడుగునా చెప్పుకుంటున్నారని తెలిసి, మా వాళ్ళు ఐదున్నర కావాలన్నారు. వద్దని చెప్పాల్సిన మాస్టరును నేను. చెప్పలేదు సరికదా, ఐదున్నర నేర్పిన మాస్టరు అని నాకు పేరు వస్తుందని లోలోపల పొంగిపోయాను. రాణి వేషానికి కర్నూలు వైపు నుంచి ఒక నటీమణిని మాట్లాడుకున్నారు. నాటకం రెండు రోజులుందనగా ఆమెకు జ్వరమని కబురొచ్చింది. మీ అక్కను పిలుచుకు రా సార్ అన్నారు ఊరి పెద్దలు. నేను పిలుచుకు వచ్చాను.

ఆలోచించకుండా తీసుకురాలేదు. నా హార్మోనియానికి స్కేల్ ఛేంజర్ ఉంది. ఎడమ చేతితో పిడి జరిపితే మెట్ల వరస మొత్తం పైకో కిందికో పోతుంది, క్షణం పట్టదు. దించుకుందాం లెమ్మని అక్కకు బస్సులోనే చెప్పాను.

నాటకం రోజు మధ్యాహ్నం స్కూలు వరండాలో ఇద్దరినీ ఒకసారి కలిపి పాడించి చూశాను. నాలుగున్నరకు దించి వాయించాను. రాజు నోరు తెరిచాడు. పద్యం ఐదున్నరలోనే వచ్చింది. ఆపి మళ్ళీ వాయించాను. మళ్ళీ అంతే. నాలుగు నెలలు నేనే అతని గొంతులో దించిన శృతి అది, పెట్టె ఏం చెబుతోందో ఆ గొంతుకు పట్టలేదు. గట్టిగా ప్రయత్నించేసరికి పైనా కాక కిందా కాక అపశృతిలో పడ్డాడు. చొక్కా తడిసిపోయింది. కడకు నా దగ్గరికి వచ్చి చతికిలబడ్డాడు.

“సార్, మూడు బోర్లు ఏసినా. తేమ గూడా తగల్లే. శెనక్కాయ నిలువునా ఎండిపాయ. ఈ ఏడు నాకు పండింది ఈ గొంతొగటే. దాన్ని గూడా దించమంటే ఎట్ల సార్?”

అక్కే దారి చూపింది. అతని పద్యాలు అతని శృతిలోనే పాడనీ, నావి వచ్చినప్పుడు నువ్వు దించు, మళ్ళీ అతనికి ఎత్తు అంది. చివరి రంగంలో రాజూ రాణీ పద్యానికి పద్యంగా వాదించుకుంటారు, అక్కడ కాస్త చూసుకో అంది. నేను నీ దిక్కు చూస్తా, నువ్వు పిడి జరిపినాకే ఎత్తుకుంటా అంది. అలాగే దించుతానక్కా అన్నాను.

మొదటి రంగాల్లో మాట నిలుపుకున్నాను. ఆమెవి విడి పద్యాలు, నడుమ మాటలు ఉంటాయి కనుక దించినా ఎవరూ కనిపెట్టలేదు. చివరి రంగం వచ్చేసరికి తూరుపు తెల్లబడుతోంది. జనం ఒక్కరు కూడా లేవలేదు. అప్పుడు చూశాను, ముందు వరసలో పక్క ఊరి మాస్టరు కూర్చుని ఉన్నాడు. నాకన్నా పెద్దవాడు, చెవి నాకన్నా మంచిది. చేతిలో చిన్న శృతి పీక ఉంది. పద్యం పద్యానికీ దాన్ని నోట్లో పెట్టుకుని, మెల్లగా ఊది, తల ఊపుతున్నాడు. రాజు పద్యం అయిపోయింది. పీకతో కొలుచుకుని ఆయన నా వైపు చూసి మెచ్చుకోలుగా కళ్ళు మూసి తెరిచాడు. ఇప్పుడు పిడి జరిపితే ఆ కళ్ళల్లో ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. అక్క నా వైపు చూసింది. నేను ఐదున్నరలోనే ఆమెకు ఆధార శృతి పట్టాను.

ఒక్క రెప్పపాటు ఆగి ఆమె ఎత్తుకుంది. అందుకుంది కూడా. జనం ‘వన్స్ మోర్’ అని లేచి నిలబడ్డారు. ఆ మాట పడితే మా దగ్గర పద్యం మళ్ళీ పాడక తప్పదు. చనిపోయి పడి ఉన్న పాత్ర కూడా దుమ్ము దులుపుకుని లేచి, మరణ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తుంది. ఎవరూ నవ్వరు. రాజు మళ్ళీ పాడాడు, ఆమె మళ్ళీ బదులు పాడింది. మూడోసారి అడిగారు. అప్పుడన్నా నా చెయ్యి కదలాలి. కదల్లేదు. మూడోసారి పై షడ్జమం మీద గొంతు తెగింది. నోరు తెరిచే ఉంది, మైకులో ఊపిరి మాత్రం వినిపించింది. మిగిలిన పాదం నేను పెట్టె మీద వాయించి కప్పేశాను. రాణి దుఃఖంతో మాట రాక నిలబడిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. పక్క ఊరి మాస్టరు కూడా కొట్టాడు.

తిరిగి వచ్చే బస్సులో ఆమె చేత్తో అడిగింది, పిడి జరిపినట్టు ఎడమ చెయ్యి ఆడించి, ఏమాయె అన్నట్టు. దుమ్ముకు పట్టేసిందక్కా, జరగలేదు అన్నాను. పల్లెల్లో దుమ్ముకు ఏదైనా పట్టేస్తుంది, నమ్మదగిన అబద్ధమే. ఆమె తల ఊపి కిటికీ వైపు తిరిగింది.

ఆపరేషను చేయించాం. మాట వచ్చింది, పాట రాలేదు. ఆ మాట కూడా ఇసుకలో పార గీసినట్టు ఉంటుంది. ఫోను ఎత్తితే అవతలి వాళ్ళు ఆమెను ‘అన్నా’ అంటారు. మొదట్లో కాదని చెప్పేది, తర్వాత చెప్పడం మానేసింది. ఇప్పుడు నాటకాల వాళ్ళకు వేషాలు కుట్టి, కిరీటాలకు అద్దాలు అంటించి బాడుగకు ఇస్తుంది. తను వేసిన రాణి వేషాలు వేరేవాళ్ళ కొలతలకు విప్పి కుడుతుంది. నేను మాత్రం వాయిస్తూనే ఉన్నాను. అదే పెట్టె, అదే పిడి.

రెండేళ్ళ కిందట అనంతపురం పాతఊరిలో బట్టల అంగడి ఉన్న ఒక శెట్టి నన్ను పిలిపించాడు. సంగీతమంటే ప్రాణం పెట్టే మనిషి. బేరాలు లేని పూట గల్లా దగ్గర కూర్చుని ఫోనులో ఇటలీ ఒపెరాలు చూస్తాడు. నాకు ఒకటి చూపించి, “ఏమప్పా, నువ్వు చేసేదే వాళ్ళూ చేస్తాండారు గదా? రాజు, రాణి, చచ్చేముందర పాట. దీని కథ మా వాళ్ళకు చెప్పు” అన్నాడు. అంగడి మిద్దె మీద ఆదివారాలు ముప్పై నలభై మంది చేరతారు. ఆరు ఆదివారాలు చెప్పమన్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషుతో, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఆయన తెప్పించిన పుస్తకాలు చదివాను.

చదివే కొద్దీ నా ఊళ్ళే కనిపించాయి. ఒపెరా పుట్టిందే ఒక పొరపాటులో. నాలుగు వందల ఏళ్ళ కిందట ఫ్లోరెన్సులో చదువుకున్న పెద్దమనుషులు కొందరు ఒక ఇంట్లో చేరి, పాత కాలం గ్రీకులు తమ నాటకాలను మొదటి నుంచి చివరిదాకా పాడేవాళ్ళని నమ్మారు. ఆ పాటలు ఎలా ఉండేవో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అయినా వాటిని తిరిగి తెస్తున్నామనుకుని, మాటకూ పాటకూ నడుమ ఉండే ఒక కొత్త పాడే పద్ధతి కట్టారు. మా పద్యం లాంటిదే అది, తాళానికి కట్టుబడదు, మాట వెంట పోతుంది. మొదట అది ప్రభువుల పెళ్ళిళ్ళలో ఆడించే వేడుక. తర్వాత వెనీసులో టికెట్టు పెట్టి నాటకశాలలో ఆడారు. డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి నచ్చాలి కనుక, అప్పటి నుంచి కథ చిన్నదైంది, గొంతు పెద్దదైంది. రెండో ఆదివారం ఈ సంగతి చెబితే, ఈడా అంతే గదప్పా అని ఒక రిటైరైన పోస్టుమాస్టరు నవ్వాడు.

మూడో ఆదివారం ఎవరూ నవ్వలేదు. సన్నని గొంతు మారకుండా ఉండాలని మగపిల్లలకు చిన్నప్పుడే వృషణాలు కోయించిన కథ చెప్పాను. బీదవాళ్ళు తమ బిడ్డలను తామే అప్పగించేవాళ్ళు. వందల్లో ఏ ఒక్కడో గొప్ప గాయకుడయ్యేవాడు, రాజులు చేరదీసేవాళ్ళు. తక్కినవాళ్ళు గొంతూ లేక సంసారమూ లేక ఏ చర్చి మూలనో బతికేవాళ్ళు. పాట వినేవాళ్ళ సుఖం కోసం పాడేవాళ్ళ ఒంటిని ఇంత చేయడానికి మనుషులకు మనసెలా ఒప్పిందని ఆవేశంగా అడిగాను. అడుగుతున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, మంచినీళ్ళు తాగి ఆ రోజుకు ముగించాను. నాలుగో ఆదివారం వన్స్ మోర్ గురించి. అక్కడా అదే రోగం. ఒక చక్రవర్తి విసిగిపోయి దానికి కట్టడి పెట్టాడట. అందరూ హాయిగా విన్నారు.

ఐదో ఆదివారం శృతి. ఆ రోజు పొద్దున అక్క తనూ వస్తానంది. ఎప్పుడూ రాని మనిషి. వద్దనడానికి కారణం దొరకలేదు. వెనక గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది.

నేను చెప్పాను. అప్పట్లో ఒక్కొక్క ఊరిది ఒక్కొక్క శృతి. శృతి ఎక్కించితే వాద్యాలు తళతళా మోగుతాయి, నాటకశాల మెరుస్తుంది, పక్క ఊరి నాటకశాల వెలవెలబోతుంది. కాబట్టి ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకుంటూ పోయారు. తంత్రి తెగితే ఇంకొకటి బిగించుకోవచ్చు. గొంతుకు ఆ వీలు లేదు. తాతల నాడు రాసిన పాటలను మనవళ్ళు అంతకన్నా ఎత్తులో పాడాల్సి వచ్చి, గాయకులు మొత్తుకున్నారు. చివరికి ఫ్రాన్సు ప్రభుత్వం కూర్చుని, ఇంతకు మించి ఎవరూ ఎక్కించకూడదని చట్టం చేసి, దానికి కొలతగా, తడితే ఒకే స్వరం పలికే ఉక్కు కడ్డీ ఒకటి పెట్టింది.

శెట్టి అడిగాడు, ఇంతకూ తప్పెవరిదప్పా అని. ఆ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలుసు, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. జనానిది అన్నాను. జనం మెరుపు కోరారు, కోరింది దొరికింది, ఎవరినీ వేలెత్తి చూపలేం అన్నాను.

“జనానికి శృతి యాడ తెలుస్తాది?” అంది అక్క వెనక నుంచి. ఆ గొంతు విని అందరూ ఎవరో మగమనిషి అనుకుని తిరిగి చూశారు. “ఎంత ఎత్తిందీ, ఎవరి గొంతు యాడికి అందుతాదీ, పెట్టె ముందర కూచున్నోనికి ఒగనికే తెలుస్తాది.”

ఎవరికీ అర్థం కాలేదు. శెట్టి టీలు చెప్పాడు. నేను పుస్తకాలు సర్దుకున్నాను.

మిద్దె దిగి ఎండలో సప్తగిరి సర్కిల్ దాకా నడిచాం. పిడి పట్టేసిన మాట మళ్ళీ చెబుదామని నోరు తెరిచాను. ఆమె చెప్పనివ్వలేదు.

“పట్టేసిందంటివే, నీ చెయ్యి దాని మీదికి పోనే లేదు రా. నేను నీ చెయ్యే చూస్తాంటి.”

ఎనిమిదేళ్ళు. నాకు అన్నం పెట్టిన ప్రతి పూటా ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో పడుకున్నప్పుడు తెలుసు, నేను పెట్టె మోసుకుని ఇంకొక ఊరికి బయలుదేరినప్పుడల్లా తెలుసు. ఎందుకు చెప్పలేదక్కా అన్నాను.

చెబితే నువ్వు వాయించేది మానుకుంటావని అంది. ఇంట్లో ఒకరి గొంతు ఎట్లాగూ పోయింది, నీ చెయ్యి కూడా పోతే ఏం తిని బతకాలి అంది. కోపంగా అనలేదు. అది ఇంకా భరించలేకపోయాను. ఆటో కోసం నిలబడినప్పుడు ఒక్కటే అడిగింది.

“వచ్చే ఆదివారం ఆ కథ గూడా చెప్పు. ఎవరి పేరూ వద్దు. ఆ రైతు మాట కూడా చెప్పు, ఆయప్ప తప్పేం లేదు. నువ్వు ఏం చేసినావో అది చెప్పు. నా గొంతు ఎట్ల పాయనో ఎవరికన్నా తెలియాల గదా.”

చెబుతానక్కా అన్నాను. స్కూలు వరండాలో అలాగే దించుతానన్నప్పుడు ఎంత ధైర్యంగా అన్నానో, అంతే ధైర్యంగా అన్నాను.

ఆరో ఆదివారం మిద్దె నిండిపోయింది. పోస్టుమాస్టరు తన చుట్టాలను కూడా తెచ్చాడు. కిందటి వారం మాట్లాడిన ఆమె మీ అక్కటగా, ఏమైందట గొంతుకు అని శెట్టి ముందే అడిగాడు, అంతా వింటున్నారు. జబ్బు చేసింది అన్నాను. తర్వాత గంటసేపు గ్రామఫోను గురించి మాట్లాడాను, ఒపెరా గొంతులను రికార్డుల మీదికి ఎలా ఎక్కించారో, వెనకటి గాయకులవి ఎన్ని గొంతులు ఎవరికీ వినిపించకుండానే పోయాయో వివరించాను. చాలా బాగుందన్నారు. శాలువా కప్పారు.

అక్క ఆ రోజు రాలేదు. నేను ఇంటికి పోయేసరికి రాణి వేషానికి జరీ కుడుతూ ఉంది. నా భుజం మీది శాలువా చూసింది, దారం కొరికి తెంపి మళ్ళీ సూదిలోకి ఎక్కించుకుంది. చెప్పావా అని అడగలేదు.